ఏడాదిగా ఆగిపోయిన అల్లిక, వడుకు పనుల్ని మళ్లీ ఎక్కడ అందుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడాదికి పైగా సూదులు ముట్టుకోలేదు. చంకల దాకా అల్లి, ఒక చెయ్యి కూడా పూర్తయిన స్వెటర్ ఒకటి ఉంది. ఒక కాలి మేజోడు అయింది, రెండోది మొదలే కాలేదు. మెరినో (సన్నని గొర్రె ఉన్ని) ఒంటిపేట నూలు, అంటే ఇంకా దేనితోనూ మెలిపెట్టని ఒంటిపోగు, రెండు కండెల నిండా ఉంది, వడకాల్సిన ఉన్ని ఇంకో సగం సంచిలోనే ఉంది. వాటిని చూస్తేనే టెన్షన్‌గా ఉంది, అన్నీ విప్పేసి కొత్తగా మొదలెట్టనా అన్నారు. ఈమధ్య నేనేం చేస్తున్నానో కూడా చెప్పమన్నారు, అది చివర్లో చెప్తాను.

విప్పేయకండి, కనీసం ఈ వారం వద్దు. ఆగిపోయిన పని కదలకపోతే మనం మన బద్ధకాన్ని తిట్టుకుంటాం గానీ అసలు ఇబ్బంది వేరే ఉంది. ఏ సైజు సూది, ఎన్నో వరస, పోగు ఎంత బిగించి పట్టుకున్నారు, పురి ఎంత ఎక్కించారు, ఇవన్నీ ఆపిన రోజున మీ వేళ్లకు తెలుసు. కాగితం మీద ఒక్కటీ లేదు. ఈలోగా మీ చెయ్యి మారింది, కండె మీదున్న నూలు కూడా మారింది. ఆ సంగతి పట్టించుకోకుండా ఆపిన చోటే అందుకుంటే, పదిపదిహేను వరసలయ్యాక ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది, మళ్లీ మూల పడేస్తారు. అందుకే మొదటి పూట అల్లకండి, వడకకండి. టేపు, చిన్న త్రాసు, ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని ఉన్నదాన్ని కొలవండి.

స్వెటర్‌తో మొదలెడదాం. సూది అందులోనే ఉండిపోయిందా? అయితే సూది మీది కుట్లు సాగి, ఆ వరస పొడుగునా ఒక గీతలా కనిపిస్తుంది. ఉన్నిదైతే ఉతికితే చాలావరకు సర్దుకుంటుంది. పత్తి నూలుకు ఆ సాగే గుణం లేదు, గీత అలాగే ఉండిపోతుంది. ఏదైనా సరే, రెండు మూడు వరసలు విప్పి మళ్లీ అల్లడం మేలు. ఆ వంకన చేతికి పాత నూలు అలవాటవుతుంది. విప్పే ముందు కుట్లు లెక్కపెట్టండి. లెక్క తప్పితే ఎక్కడో ఒక కుట్టు జారి ఉంటుంది, కింద నిచ్చెన మెట్లలా అడ్డపోగులు కనిపిస్తాయి. కంగారు అక్కర్లేదు. క్రోషే కొక్కెం ముందువైపు నుంచి దూర్చి, అన్నిటికంటే కిందున్న పోగుతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ లాక్కుంటూ పైకి రావాలి. ఒక పోగు వదిలేసి పై పోగు పట్టుకున్నారంటే వెనక ఒక వదులు పోగు వేలాడుతుంది. అందుకని వెలుతురు బాగా ఉన్నచోట చేయండి.

ఎన్నో వరసలో ఉన్నారో తెలియకపోతే అల్లికే చెప్తుంది. నిట్ వైపు (అల్లిక నునుపుగా కనిపించే ముఖం) నుంచి చూస్తే ఒక్కో కుట్టు మొన కిందికి తిరిగిన 'వి' ఆకారంలో ఉంటుంది, ఒక్కో 'వి' ఒక్కో వరస. రిబ్ (అంచున ఉండే సాగే పట్టీ) అయిపోయిన చోటు లాంటి గుర్తు ఒకటి పట్టుకుని, ఒకే నిలువులో పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. ఇరవై వరసలకొకసారి రంగు దారం ముక్క కట్టుకుంటే లెక్క పోయినా మళ్లీ మొదటికి రానక్కర్లేదు. కేబుల్ డిజైన్ (జడలా మెలికలు తిరిగే అల్లిక) అయితే ఇంకో ఉపాయం ఉంది. కుట్లు ఒకదాని మీదొకటి దాటిన చోట వెనకాల చిన్న సందు ఉంటుంది. అందులోకి వేలు దూర్చి, అక్కణ్నుంచి సూది దాకా కనిపించే అడ్డపోగులు లెక్కపెడితే చివరి మెలిక తర్వాత ఎన్ని వరసలు అల్లారో తేలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం గేజ్, అంటే ఇంత కొలతకు ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు పడుతున్నాయన్న లెక్క. పూర్తయిన స్వెటర్ చేతిని బల్ల మీద సాగదీయకుండా పరిచి, మధ్య భాగంలో 10 సెం.మీ. వెడల్పుకు ఎన్ని కుట్లున్నాయో, 10 సెం.మీ. ఎత్తుకు ఎన్ని వరసలున్నాయో రాసుకోండి. అంచుల దగ్గరా, రిబ్ మీదా కొలవకండి. తర్వాత అదే నూలుతో, అదే అనుకున్న సూదితో అరచేయి కంటే కాస్త పెద్ద ముక్క అల్లి దాన్నీ కొలవండి. ఉతకని అల్లికను ఉతకని అల్లికతోనే పోల్చాలి. చెయ్యి ఇదివరకే ఉతికి ఉంటే శాంపిల్ ముక్కను కూడా ఉతికి, ఆరాకే టేపు పెట్టాలి. ఇంత చాదస్తం ఎందుకంటే, 10 సెం.మీ.కు 20 కుట్లు వచ్చిన చోట ఇప్పుడు 22 వస్తున్నాయనుకోండి, కంటికి ఏమీ తెలియదు. కానీ 200 కుట్ల చుట్టుకొలత 100 సెం.మీ. బదులు దాదాపు 91 సెం.మీ.కు దిగుతుంది. తొమ్మిది సెంటీమీటర్లంటే స్వెటర్ ఒంటికి పట్టడానికీ, పట్టకపోవడానికీ ఉన్న తేడా. కొత్త ముక్క బిగువుగా వస్తే సూదిని పావు మి.మీ. గానీ అర మి.మీ. గానీ పెద్దది చేయండి, వదులుగా వస్తే చిన్నది చేయండి. మీ చేతి పట్టును కావాలని బిగించో వదులుచేసో సరిచేద్దామనుకుంటే రెండు వరసలు బాగానే వస్తుంది, మూడో వరసలో ధ్యాస కాస్త తప్పితే మళ్లీ మామూలే.

నూలు సరిపోతుందా అన్న బెంగకు మీ దగ్గరే జవాబుంది. పూర్తయిన చెయ్యి విడిగా ఉంటే త్రాసు మీద పెట్టండి. రెండో చేతికి అంతే బరువు నూలు కావాలి, దాని మీద మెడ పట్టీకీ, ముక్కలు అతికి కుట్టడానికీ కొంచెం కలుపుకోండి. చెయ్యి ఒంటికి అతికేసి ఉంటే, ఉండను తూచి, పది వరసలు అల్లి, మళ్లీ తూచి వరసకు ఎంత పడుతోందో లెక్కేయండి. ఒక గ్రాము తేడా మాత్రమే చూపే త్రాసు మీద రెండు వరసల లెక్క నమ్మడానికి లేదు, పది వరసలైతే ఫర్వాలేదు. తక్కువ పడి కొత్త ఉండ తెచ్చుకుంటే లేబుల్ మీద డై లాట్ నంబర్ (ఒకే విడతలో రంగు వేసిన నూలుకిచ్చే నంబర్) చూడండి. ఏడాది తర్వాత అదే లాట్ దొరకడం కష్టం. వేరే లాటే దొరికితే పాత ఉండ అయ్యాక కొత్తది మొదలెట్టకుండా, రెండు వరసలు పాతది, రెండు వరసలు కొత్తది చొప్పున మార్చుకుంటూ అల్లండి. రంగు తేడా ఒకే చోట గీత గీసినట్టు కనపడకుండా కలిసిపోతుంది.

మేజోడు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒంటి మేజోడు దగ్గర ఆగిపోని అల్లికదారు అరుదు. మొదటిదాన్ని పక్కన పెట్టుకుని కాలి పట్టీ వరసలు, మడమ దగ్గర కుట్లు, పాదం వరసలు లెక్కపెట్టి రాసుకుని, రెండోది వరసల లెక్కతోనే అల్లండి. టేపుతో అల్లితే సాగే అల్లిక గనుక కొలిచిన ప్రతిసారీ ఒక కొలత వస్తుంది. నేను మీకు చెప్పే పనుల క్రమంలో మొదట అల్లాల్సింది ఇదే. చిన్నది, గుండ్రంగా తిరిగి వస్తూ ఉంటుంది, చేతి బిగువు కుదురుకోవడానికి ఇంతకంటే మంచి సాధన లేదు. స్వెటర్ చేతిని ఆ తర్వాత ఎత్తుకోండి.

ఇక కండెలు. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. రెండు కండెలు నిండి ఉన్నాయి కదా, ముందు వాటిని పేనేస్తే, అంటే రెండు పోగులూ కలిపి మెలిపెట్టేస్తే, ఒక పని అయిపోతుంది, కండెలు ఖాళీ అవుతాయి అనిపిస్తుంది. మీ నూలంతా ఒకే వస్త్రానికి అయితే ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి పేనకండి. మిగిలిన ఉన్ని కూడా వడికి, పాత కండె ఒకటి, కొత్త కండె ఒకటి జత చేసి పేనండి. ఏడాది విరామం తర్వాత మీ పోగు లావులో ఎంతోకొంత తేడా తప్పదు. పాతవి రెండూ కలిపి, కొత్తవి రెండూ కలిపి పేనితే రెండు రకాల నూలు తయారవుతుంది, స్వెటర్‌లో సగం దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాతా కొత్తా కలిపితే ఆ తేడా నూలంతా సమంగా పంచుకుపోతుంది. మూడు పేటలైతే ఇంకా బాగా కలిసిపోతుంది గానీ, మీ ఉన్ని రెండు పేటలకు లెక్కేసుకున్నది కాబట్టి ఇప్పుడు మార్చొద్దు. ఇంకా అనుమానంగా ఉంటే తయారైన చిలపల్ని (నూలు చుట్టల్ని) కూడా రెండేసి వరసల చొప్పున మార్చుకుంటూ అల్లుకోవచ్చు.

కొత్త ఉన్ని వడికేటప్పుడు పాత పోగు ఎంత లావుందో గుర్తుండాలి కదా. పాత కండె నుంచి చేయంత పోగు తీసి, అట్టముక్క చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, చివర్లు టేపుతో అంటించి రాట్నానికే కట్టేయండి. ఉన్ని ముదురు రంగైతే తెల్ల అట్ట, లేత రంగైతే నల్ల అట్ట. వడుకుతూ వడుకుతూ మధ్యలో ఆపి, కొత్త పోగును ఆ చుట్ల పక్కన పెట్టి చూడండి. కండె కొత్తగా మొదలెట్టినప్పుడూ, మధ్యలో టీకి లేచి వచ్చి కూర్చున్నప్పుడూ తప్పనిసరిగా చూడాలి, చెయ్యి జారేది అప్పుడే. రాట్నం తాడును కప్పీ మీద ఏ గాడిలో పెట్టారో కూడా ఆ అట్ట మీదే రాసిపెట్టండి.

పురి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత కండెలు మోసం చేసేది ఇక్కడే. అప్పుడే వడికిన ఒంటిపేటను కాస్త వదులుచేసి మడిస్తే దానంతటదే చుట్టుకుని రెండు పేటల తాడైపోతుంది. అదే పోగు కండె మీద నెలల తరబడి బిగిసి ఉంటే పురి నిద్రపోతుంది. మడిచినా చుట్టుకోదు, ఊరికే వేలాడుతుంది. అది చూసి పురి చాలలేదనుకుని ఇంకా పురి ఎక్కించేవాళ్లున్నారు. పురి ఎక్కడికీ పోలేదు. మూరెడు పోగు తెంపి, మడిచి, గోరువెచ్చని నీళ్లలో ముంచి చూడండి. నిమిషంలో ఒళ్లు విరుచుకుని మెలికలు తిరుగుతుంది. ఆ తడి ముక్క ఎలా చుట్టుకుందో అదే మీ అసలు నూలు రూపం. దాన్ని ఆరనిచ్చి, 5 సెం.మీ.లో ఎన్ని మెలికలున్నాయో లెక్కపెట్టి, పేనేటప్పుడు ఆ లెక్కకే పేనండి. అలా పేనిన చిలప ఉతకకముందు పురి ఎక్కువైనట్టు మెలికలు పడుతూ ఉంటుంది. కంగారుపడి విప్పొద్దు, వేడినీళ్లలో నానితే నిద్రపోయిన పురి లేచి లెక్క సరిపోతుంది.

పేనడానికి ముందు పాత కండెను ఇంకో ఖాళీ కండె మీదికి తిరగచుట్టండి. కాస్త విసుగు పనే, కానీ లాభాలున్నాయి. పురి ఎప్పుడూ సన్నని చోటుకే పరిగెత్తుతుంది, లావు చోటు పురి చాలక మెత్తగా మిగిలిపోతుంది. పొడుగ్గా లాగుతూ తిరగచుట్టేటప్పుడు అది కొంతవరకు సర్దుకుంటుంది. ఎక్కడైనా పోగు తెగేలా ఉంటే అప్పుడే తెగుతుంది, పేనుతుండగా తెగడం కంటే ఇది ఎంతో నయం. ఒంటిపేటను కుడివైపుకు తిప్పి వడికి ఉంటే పేనేటప్పుడు చక్రం ఎడమవైపుకు తిరగాలి. విరామం తర్వాత దీన్ని మరిచిపోవడం మామూలే, ఆ అట్టముక్క మీద దిశ కూడా బాణం గీసి పెట్టుకోండి.

సంచిలో ఉన్న ఉన్నిని నేరుగా రాట్నం దగ్గరికి తీసుకెళ్లకండి. ముందు బయట, ఎండలో, మిగతా ఉన్ని సామాను నుంచి దూరంగా తెరవండి. సన్నని బూజు లాంటి తీగలు, ఇసుక రేణువుల్లాంటి రెట్ట, చేతిలోకి తీసుకోగానే పొట్టిపొట్టిగా తెగి రాలే వెంట్రుకలు, వీటిలో ఏది కనిపించినా బట్టల చిమట పురుగు పడినట్టే. ఎగిరే చిమట ఏమీ తినదు, తినేదంతా దాని పురుగు. ఏకు మేకయ్యే లోపు బాగా చెడినది పారేసి, మిగతాది గాలి చొరని సంచిలో బిగించి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఆ సంచి పక్కనే ఉన్న స్వెటర్‌కూ అదే వైద్యం చేయాలి. పురుగు లేకపోతే సంతోషం. అప్పుడు మిగిలిన ఇబ్బంది ఒకటే, అణిగిపోవడం. దువ్విన ఉన్ని ఏడాది పాటు నొక్కుకుని ఉంటే వెంట్రుకలు ఒకదానికొకటి అతుక్కుని, లాగితే జారకుండా తుంపులుగా వస్తాయి. నిలువుగా రెండు మూడు పాయలుగా చీల్చి, ఒక్కో పాయను రెండు చేతులా పట్టుకుని వెంట్రుక పొడవు కంటే దూరంగా పట్టు ఉంచి మెల్లగా సాగదీస్తే మళ్లీ గాలి పోసుకుంటుంది. చేతులు దగ్గరగా పెట్టి ఎంత లాగినా రాదు, ఒకే వెంట్రుకను రెండు కొసలా పట్టుకుని లాగుతున్నట్టవుతుంది. ఉతకని ముడి ఉన్ని ఏదైనా మిగిలి ఉంటే దాని సంగతి వేరు. అందులోని జిడ్డు ఏడాదిలో గట్టిపడి జిగురుగా తయారవుతుంది. 60 డిగ్రీల దరిదాపు వేడినీళ్లు, సబ్బు, నానబెట్టడం, అంతే. కలియబెడితే ముద్దకట్టి నమదా అయిపోతుంది.

రాట్నానికి కూడా పలకరింపు కావాలి. పాత నూనె జిగటను గుడ్డతో తుడిచి, ఫ్లయర్ (పోగుకు పురి ఎక్కించి కండెకు చుట్టే భాగం) ఇరుసుకూ, చక్రం ఇరుసుకూ, తొక్కుడు కీళ్లకూ ఒక్కో చుక్క కొత్త నూనె వేయండి. తాడు వదులై ఉంటే బిగించండి. మెరినో ముట్టుకోకముందు ఏదైనా మామూలు, పొడుగు వెంట్రుకల ఉన్నితో ఓ పావుగంట వడకండి. మెరినో వెంట్రుక చాలా సన్నం, ఆగిన చేతికి వెంటనే లొంగదు.

మీరు విప్పేయాల్సింది అసలు ఏదీ లేదా అంటే, ఉండొచ్చు. ఎవరి కోసం మొదలెట్టారో వాళ్లకు ఇక పట్టనిది, మీకే ఇక నచ్చనిది. పుట్టబోయే పాప కోసం ఎత్తుకున్న గౌను, ఆ పాప బడికి వెళ్తున్నా సూదుల మీదే ఉంటే దాన్ని విప్పడంలో పాపం లేదు. విప్పిన నూలు ముంగురుల్లా వంకరలు తిరిగి ఉంటుంది, దాన్ని అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కుర్చీ వీపు చుట్టూ చిలపగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, బరువేమీ కట్టకుండా ఆరేయండి. ఉన్ని తిన్నగా అయిపోతుంది.

నా సంగతి. సూదుల మీద బూడిదరంగు కార్డిగన్ ఉంది, నూలు నేను వడికిందే, మూడు పేటలు. ముందువైపంతా కేబుల్స్ కాబట్టి మూడు పేటలు ఎంచుకున్నాను. రెండు పేటల నూలును అడ్డంగా కోసి చూస్తే కోలగా ఉంటుంది, లేసుకు అందం, కేబుల్ మాత్రం కాస్త చప్పబడుతుంది. మూడు పేటలు గుండ్రంగా ఉంటాయి, మెలిక ఉబ్బి నిలబడుతుంది. దీనితో పాటు ఒంటిపేట నూలుతో ఒక శాలువా నడుస్తోంది. ఒంటిపేటలో పురి ఒకే దిక్కుకు లాగుతుంది కాబట్టి ఒకవైపు నిట్, ఒకవైపు పర్ల్ (నిట్‌కు తిరగేసిన కుట్టు) వేసే సాదా అల్లికలో గుడ్డ మొత్తం పక్కకు వాలిపోతుంది. రెండువైపులా నిట్టే వేసే గార్టర్ అల్లికలో ఆ లాగుడు ఒకదానికొకటి సరిపోయి శాలువా తిన్నగా ఉంటుంది. ఇక ప్రయాణాల్లో చేతిలో తకిలి (చేత్తో తిప్పే చిన్న కదురు), పత్తి. పత్తి పీచు పొట్టిది, మామూలు రకాల్లో 25 నుంచి 30 మి.మీ. మాత్రమే, పురి ధారాళంగా ఎక్కిస్తే తప్ప నిలవదు. ఇంత చిన్న తకిలి ఎందుకు అంత వేగంగా తిరగాలో పత్తి వడికితేగాని అర్థం కాదు. ఆ నూలును మెత్తగా నానబెడితే చాలదు, కాస్త చాకలి సోడా వేసి మరిగిస్తేనే పురి స్థిరపడుతుంది.

మీ వేళ్ల విషయం ఒకటి. మొదటి వారం ఒక్కసారి కూర్చుంటే అరగంట దాటనివ్వకండి. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైతే ఆ పూటకు ఆపేయండి. పట్టు పట్టి అల్లితే వారం కలిసొస్తుందనుకుంటాం, నెల పోతుంది.

రెండో చెయ్యి అయ్యాక వెంటనే అతికేయకండి. పాత చెయ్యి, కొత్త చెయ్యి, ఒళ్లు, మూడింటినీ ఒకేసారి గోరువెచ్చని నీళ్లలో ఇరవై ముప్పై నిమిషాలు నానబెట్టండి. పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తండి. చేతులు రెండూ పక్కపక్కన పరిచి, ఒకే పొడుగు, ఒకే వెడల్పు వచ్చేలా సర్ది ఆరనివ్వండి. లేబుల్ మీద సూపర్‌వాష్ (మెషీన్‌లో ఉతికేలా శుద్ధి చేసిన ఉన్ని) అని ఉంటే తడిసినప్పుడు భయపడేంత సాగుతుంది. దాన్ని తడిగా భుజాలు పట్టుకుని ఎత్తొద్దు, రెండు చేతుల్లోకీ ఎత్తుకోవాలి. ముక్కలు లోపలి దాకా ఆరి, మళ్లీ టేపు పెట్టి చూశాకే చేతులు అతికి మెడ పట్టీకి కుట్లు ఎత్తండి. ముట్టుకుంటే చల్లగా ఉందంటే ఇంకా తడి ఉన్నట్టే, ఇంకో రోజు వదిలేయండి.